ఫీజు ఎంతని ఫోన్‌లోనే అడగండి

హోస్ట్: అందరికీ నమస్కారం. విజయవాడ సూర్యారావుపేటలో ప్రాక్టీస్ చేస్తున్న క్లినికల్ సైకాలజిస్ట్ ఒకరు ఈరోజు మనతో ఉన్నారు. మేడం, శ్రోతలు ఎక్కువగా అడిగింది ఒకటే: కౌన్సెలింగ్‌కి ఎంతవుతుంది?

మేడం: మీకు మెసేజ్ పెట్టినంత తేలిగ్గా మమ్మల్ని అడగరండి. ఫోన్ చేసి టైమింగ్స్ అడుగుతారు, అడ్రస్ అడుగుతారు, ఫీజు దగ్గర మొహమాటపడతారు. రెండు సెషన్లకి వస్తారు, మూడోదానికి రారు. నయమైందేమో అనుకుంటాం. తీరా చూస్తే డబ్బు సర్దుబాటు కాలేదు, ఆ మాట చెప్పలేక మానేశారు. నాకు చాలా బాధనిపించేది అక్కడే.

హోస్ట్: చెబితే ఏదైనా దారుంటుందా?

మేడం: ఎందుకుండదు? వారం వారం రావాల్సినవాళ్లని పదిహేను రోజులకోసారి రమ్మని, మధ్యలో ఇంట్లో చేసుకోవాల్సినవి రాసిస్తాం. చదువుకునే పిల్లలకి, ఉద్యోగం పోయినవాళ్లకి తగ్గించి తీసుకునేవాళ్లు మాలో చాలామందే ఉన్నారు. అది బోర్డు మీద రాయరు, అడిగితేనే తెలుస్తుంది. అడగడం నామోషీ కాదు. సెషన్ అంటే 45, 50 నిమిషాలు. అంతసేపూ ‘ఈ నెల పిల్లాడి కాలేజీ ఫీజు ఎలా కట్టాలి’ అని లోపల లెక్కలేసుకుంటూ కూర్చుంటే మనసులో మాట ఎలా బయటికొస్తుంది?

హోస్ట్: పది సెషన్లకి ముందే కడితే తగ్గింపు అంటుంటారు కదా?

మేడం: మొదటిరోజే కట్టేయొద్దు. ఒకటి రెండుసార్లు కూర్చుంటేగానీ ఆ మనిషితో మనకి కుదురుతుందో లేదో తెలియదు. మధ్యలో ఆపేస్తే మిగిలింది వెనక్కిస్తారా, రాలేనప్పుడు ఎంత ముందు చెప్పాలి, ఇవన్నీ కనుక్కోండి. రసీదు అడిగి తీసుకోండి. క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు ఉంటే ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు చెప్పమనండి. ఉన్నవాళ్లెవరూ ఏమీ అనుకోరు. మందులు అవసరమైతే మాత్రం సైకియాట్రిస్ట్ దగ్గరికే పంపిస్తాం.

హోస్ట్: డబ్బు ఎలా కడతారు, ఫోన్‌పేనేనా?

మేడం: మా కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. కొంతమంది ఆడవాళ్లు ఫోన్ తీసి, దానివైపు చూసి, మళ్లీ బ్యాగులో పెట్టేస్తారు. బ్యాంకు మెసేజ్ భర్త నంబరుకి వెళ్తుంది, హిస్టరీలో కౌన్సెలింగ్ సెంటర్ అని కనబడుతుంది. అందుకే చిన్న పర్సులోంచి మడతలు పెట్టిన నోట్లు తీసిస్తారు. నేను క్యాష్ వద్దనను. వద్దంటే వాళ్లు ఇంకెప్పుడూ రారు.

హోస్ట్: తెలిసినవాళ్లు చూస్తారేమోనన్న భయం కూడా...

మేడం: చాలా ఉంది. గుంటూరు బ్రాడీపేట నుంచి బస్సెక్కి నా దగ్గరికొస్తారు, బెంజ్ సర్కిల్‌లో ఉండేవాళ్లు గుంటూరు వెళ్తారు. వెళ్లనివ్వండి, వాళ్లకి అదే ధైర్యం. ఆన్‌లైన్ సెషన్ అయితే ఛార్జీలు మిగులుతాయి గానీ, ఇంట్లో తలుపేసుకునే గది ఉండాలిగా.

హోస్ట్: ఇన్సూరెన్స్ వస్తుందా?

మేడం: మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే నుంచి అమల్లో ఉంది. ఒంటి జబ్బుకి బీమా ఎలా ఇస్తారో మనసు జబ్బుకీ అలాగే ఇవ్వాలని అందులో ఉంది. కానీ మామూలు పాలసీల్లో ఎక్కువ భాగం ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. వచ్చి మాట్లాడి వెళ్లే కౌన్సెలింగ్‌కి కావాలంటే ఓపీడీ కవర్, అంటే ఆస్పత్రిలో చేరకుండా చూపించుకున్నా వర్తించే బీమా ఉండాలి, అందులో కౌన్సెలింగ్ కూడా చేర్చి ఉండాలి. పాలసీ కాగితాలు తీసి చూసుకోండి. ఉద్యోగం చేసేవాళ్లు హెచ్‌ఆర్‌ని కూడా కనుక్కోండి, కొన్ని కంపెనీలు ఉచితంగానే ఇప్పిస్తున్నాయి.

హోస్ట్: అసలేమీ కట్టలేనివాళ్ల సంగతేంటి మేడం?

మేడం: గుంటూరు జీజీహెచ్‌లోనూ, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనూ సైకియాట్రీ విభాగాలున్నాయి, ఓపీ చీటీ రాయించుకుని చూపించుకోవచ్చు. టెలీ మానస్ అని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ కూడా ఉంది. నంబరు 14416. పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు. చచ్చిపోవాలనిపిస్తోందంటే నా అపాయింట్‌మెంట్ కోసమో జీతం పడే రోజు కోసమో ఆగకండి. పక్కనున్నవాళ్లకి చెప్పండి, వెంటనే ఆ నంబరుకి చేయండి.