తోలు, చర్మం, లెదర్

అందరికీ నమస్కారం. మొన్న హన్మకొండలో ఒక షాపుకు పోయి "తోలు చెప్పులున్నాయా?" అని అడిగిన. పిల్లగాడు తెల్లమొహం వేసి, "లెదరా సార్?" అన్నడు. వస్తువు ఒకటే. ధర మాత్రం రెండో మాటకే పలుకుతుంది.

ఇంగ్లీషులో ఒంటి మీదుంటే స్కిన్, పెద్ద పశువు మీద నుంచి వలిస్తే హైడ్, శుద్ధి చేశాకే లెదర్. మనకు మూడూ తోలే. చర్మం అనే మాట ఉంది కానీ, అది డాక్టర్ బోర్డుల మీద, సర్కారు కాగితాల మీద బతుకుతోంది. "చర్మపు చెప్పులు తెగినయ్" అన్నవాళ్లను నేనైతే చూడలేదు. ఎడ్లను తోలడం, చెరువు మట్టి తోలడం వేరే సంగతి, పక్కన పెడదాం.

అంటే పచ్చి తోలు చెప్పు కావడానికి మధ్యలో జరిగిన పని మన మాటలో ఎక్కడా కనబడదు. ఆ పని చిన్నదా? సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుకలు ఊడదీయాలి. తర్వాత తంగేడు చెక్క (బెరడు), కరక్కాయ వేసిన లందలో, అంటే తోళ్లు ఊరేసే తొట్టిలో, వారాల తరబడి ఊరాలి. ఆ వగరే తోలును కుళ్లిపోకుండా కాపాడేది. అవును, ఆ తంగేడే! 2014లో రాష్ట్ర పువ్వు చేసుకున్నం కదా, అదే. పువ్వు బతుకమ్మ మీదికెక్కింది, చెక్క ఊరి చివర లందలోకి పోయింది. లంద వాసనకు ముక్కు మూసుకున్న ఊరే, బావిలోంచి ఎడ్లతో నీళ్లు తోడే మోట బొక్కెనకు తోలు తొండం కట్టించుకుని పొలం పారించుకుంది. వానకు సడలిన డప్పును మంట మీద కాచి మోగిస్తే తప్ప ఊళ్లో పండుగా లేదు, చావూ లేదు.

తిట్లకు మాత్రం తోలు బాగా పనికొచ్చింది. తోలు తీస్తా, తోలు మందం. ఇంగ్లీషువాళ్లూ తక్కువేం కాదు, వాళ్ల లెదర్ క్రియగా మారితే చితకబాదడమే! మన పిల్లలకేమో లెదర్ అంటే క్రికెట్ బాల్.

ఇంతకూ ఆ చెప్పులు కొన్న. "ప్యూర్ లెదర్" అన్నరు. నెలకే పట్టీ ఊడితే, బస్టాండు ముందర కుట్టే పెద్దాయనకు ఇచ్చిన. ఆయన తోలుకు బొక్క పొడిచే ఆరె పక్కన పెట్టి, తెగిన అంచును వేలితో రుద్ది చూపించిండు. లోపల బట్ట పోగులు.

"రెగ్జిన్ సారూ. తోలు గాదు."