జానెడు కూడా లేని గూడ్స్ పెట్టె: 1947 రకం బాక్స్‌కార్ మోడల్ రివ్యూ

అందరికీ నమస్తే అండి, పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. బల్ల మీద ఉన్నది అమెరికా గూడ్స్ బండి పెట్టె. అక్కడ బాక్స్‌కార్ అంటారు. పుల్‌మన్ స్టాండర్డ్ కంపెనీ 1947లో మొదలుపెట్టిన పీఎస్-1 రకం. అసలుది 40 అడుగులు, ఇది హెచ్‌ఓ స్కేల్, అంటే 87వ వంతు, టేపు పెడితే 14 సెంటీమీటర్లు.

ముందు కప్పు చూపిస్తాను, నేను డబ్బు పెట్టింది దీనికే. ఈ కొస నుంచి ఆ కొస దాకా మనుషులు నడవడానికి పలక ఉంది కదా, జల్లెడలా చిల్లులు, వాటిలోంచి కింద కప్పు రంగు కనిపిస్తోంది చూడండి. చౌక మోడళ్లలో ఇక్కడ ఉత్త ప్లాస్టిక్ పట్టీ పోతపోసి వదిలేస్తారు. ఎయిర్ బ్రేకులు రాకముందు బ్రేక్‌మన్లు నడుస్తున్న బండి మీద, వానైనా చీకటైనా, ఒక పెట్టె మీంచి ఇంకో పెట్టె మీదకి దాటుకుంటూ చేత్తో చక్రం తిప్పి బ్రేకులు వేసేవాళ్లు. తలుచుకుంటేనే గుండె ఝల్లుమంటుంది. ఎయిర్ బ్రేకులు వచ్చాక కూడా ఈ పలక పోలేదు, 1966 నుంచి కట్టిన కొత్త పెట్టెలకే మానేశారు.

తిరగేస్తే గాలి ట్యాంకు, బ్రేకు సిలిండరు, సన్నటి పైపులు, అన్నీ విడివిడిగా బిగించారు. చక్రాలు లోహానివి, నోటితో ఊదితే చాలు, కదులుతుంది. తలుపు మాత్రం తెరుచుకోదు, ఈ ధరకి అది నాకు నచ్చలేదు. పార్శిల్లో ఒక మూల మెట్టు విరిగి వచ్చింది, పట్టకారుతో పట్టుకుని అతికించేసరికి గంట పట్టింది.

బరువు 98 గ్రాములు. ఎన్‌ఎంఆర్‌ఏ, అంటే అమెరికా మోడల్ రైళ్ల సంఘం, లెక్క ప్రకారం మొదట ఒక ఔన్సు, ఆపైన పొడవులో అంగుళానికి అర ఔన్సు చొప్పున, దీనికి 106 గ్రాముల దాకా ఉండాలి. లోపల వలకి కట్టే సీసం గుళ్లు అంటించాను, ఇప్పుడు మలుపులో పట్టా తప్పడం లేదు.

కొనచ్చా అంటే, కప్పు కోసం, కింది భాగం కోసం తప్పకుండా కొనండి.

ఇంకో మాట. మన నౌపడా–గుణుపురం చిన్న రైలు, రెండున్నర అడుగుల పట్టాలది, 2004లో ఆగిపోయింది కదా. దాని గూడ్స్ పెట్టెకి ఇలాంటి మోడల్ నేనెక్కడా చూడలేదు. మీ ఇళ్లలో పాత ఫొటోలుంటే, ముఖ్యంగా పెట్టె కింది భాగం కనిపించేవి ఉంటే పంపండి, కొలతలు వేసుకుని నేనే కడతాను.