అన్ని బావోబాబులదీ ఒకే కథ కాదు

నమస్కారమండీ. అంతరించే ప్రమాదంలో ఉన్న చెట్టు అనగానే ఏ కొండమూలో మిగిలిపోయిన ఐదో పదో చెట్లు మనసులో మెదులుతాయి. నేను చెప్పబోయే చెట్లు మాత్రం, ఉపగ్రహ చిత్రాలతో వేసిన లెక్క ప్రకారం, 10 లక్షల దాకా ఉన్నాయి. అయినా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ తయారుచేసే రెడ్ లిస్టులో అది ప్రమాదంలో ఉన్న జాతే.

దాని పేరు గ్రాండిడియేరి బావోబాబ్, లావుపాటి మానుండే బావోబాబ్ చెట్లలో ఒక జాతి. మడగాస్కర్‌లో మొరొందావా దగ్గర మట్టిరోడ్డుకు రెండు పక్కలా స్తంభాల్లా నిలబడ్డ చెట్ల ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. అవే ఇవి. ఈసారి ఆ ఫొటో కనబడితే పైకి కాదు, కిందికి చూడండి. గడ్డి, వరిమళ్లు. ఎదుగుతున్న చిన్న చెట్లు దాదాపు ఉండవు. మొలక వచ్చినా పశువులు మేసేస్తాయి, లేదా పొలం కోసం పెట్టిన మంటల్లో కాలిపోతుంది. పూర్వం ఈ కాయలు తిని గింజల్ని దూరాలకు చేరవేసిన రాక్షస లెమూర్లు (కోతుల్లాంటి జంతువులు), ఏనుగు పక్షుల్లాంటి (ఎగరలేని భారీ పక్షులు) జీవులు అంతరించిపోవడం కూడా ఒక కారణమని శాస్త్రవేత్తల అనుమానం.

అడన్సోనియా అనే ఈ ప్రజాతిలో ఉన్నవి 8 జాతులు. 6 మడగాస్కర్‌వి, ఒకటి ఆస్ట్రేలియాది, ఒకటి ఆఫ్రికా ఖండానిది. ఆఫ్రికాది డిజిటాటా, అన్నిటికన్నా విరివిగా కనిపించేది. దాని పువ్వులకూ గ్రాండిడియేరి పువ్వులకూ గబ్బిలాలు పరాగ సంపర్కం చేస్తాయి. కాబట్టి తేడా పూత దగ్గర లేదు, కాయ రాలాక మొదలవుతుంది. డిజిటాటా కాయల్ని ఏనుగులు, బబూన్లు తిని గింజల్ని వెదజల్లుతాయి. పుల్లటి గుజ్జు కోసం మనుషులు ఊరూరా పెంచారు, సముద్రాలు కూడా దాటించారు.

అలాగని దానికి టెన్షనే లేదని కాదు. అత్యంత వయసున్న 13 చెట్లను గమనిస్తే, 12 ఏళ్లలో 9 చెట్లు పూర్తిగానో కొంత భాగమో కూలిపోయాయని 2018లో ఒక పరిశోధన తేల్చింది. వాతావరణ మార్పు కారణం కావచ్చన్నారు.

మడగాస్కర్ ఉత్తరాన ఉన్న పెర్రియేరి అనే బావోబాబ్ జాతి ఇబ్బంది ఇంకోటి. దాని పెద్ద చెట్లు 250 కూడా లేవని అంచనా. మిగతా బావోబాబుల్లా ఎండను ఓర్చే రకం కాదు, తేమ అడవుల్లో, వాగుల పక్కన పెరుగుతుంది. నా దృష్టిలో దానికి నర్సరీ మొక్కలకన్నా ముందు ఆ వాగు ఒడ్డు అడవి నిలవాలి. గ్రాండిడియేరికి అలా కాదు. పెద్ద చెట్లు గింజలిస్తూనే ఉన్నాయి, మొలకల చుట్టూ కంచె వేసి కొన్నేళ్లు పశువుల్ని, మంటల్ని ఆపగలిగితే చాలావరకు పని మొదలైనట్టే.