కరెంటు పెట్టడమే ఫిజియోథెరపీనా? ఈ వృత్తిలోకి రావాలనుకునే విద్యార్థులకు

[తెరపై: అనంతపురంలో ఒక చిన్న క్లినిక్. ఉదయం ఎనిమిది గంటలు. బెంచీ మీద నలుగురు కూర్చుని ఉంటారు.]

నమస్కారం. "కరెంటు పెట్టించుకుందామని వచ్చినా సార్" అన్న మాటతోనే మా క్లినిక్‌లో చాలా రోజులు మొదలవుతాయి. నొప్పి ఉన్న చోట ప్యాడ్లు అంటించి, స్విచ్చు వేసి, పావుగంట తరువాత తీసేయడమే ఫిజియోథెరపీ అని మా ప్రాంతంలో ఎక్కువ మంది అనుకుంటారు. బైపీసీ చదివే పిల్లలను వెంటబెట్టుకుని ఈ కోర్సు గురించి అడగడానికి వచ్చే తల్లిదండ్రుల ఊహ కూడా ఇంచుమించు ఇదే. ఈ ఊహతో చేరిన విద్యార్థులు రెండో సంవత్సరానికే నీరసపడిపోవడం చూశాను కాబట్టి, సీట్ల సంగతి కాసేపు పక్కన పెట్టి ముందుగా పని ఎలా ఉంటుందో చెబుతాను.

[తెరపై: గుంత మగ్గం. నేతగాడి చేతులు దగ్గరగా.]

నేను వృత్తిలోకి వచ్చిన కొత్తలో ధర్మవరం నుంచి ఒక నేతగాడు కుడి భుజం నొప్పితో వచ్చాడు. యంత్రం పెట్టాను, నాలుగు వ్యాయామాలు నేర్పాను. క్లినిక్‌లో ఉన్నంతసేపు హాయిగా ఉందనేవాడు, మరుసటి రోజు మళ్లీ అదే నొప్పితో వచ్చేవాడు. ఇలా మూడు వారాలు అతని డబ్బూ బస్సు చార్జీలూ ఖర్చయ్యాక, చివరికి సిగ్గుపడి ఒక ఆదివారం నేనే అతని ఇంటికి వెళ్లి మగ్గం పక్కన కూర్చున్నాను. గుంతలో కాళ్లు పెట్టి తొక్కుతూ, ఒక చేత్తో తాడు లాగి నాడెను (అడ్డపోగును మోసే పరికరాన్ని) పంపుతూ, రెండో చేత్తో ఆ పోగును ఒత్తే పలకను దగ్గరకు లాక్కుంటూ అతను నేస్తున్నాడు. తాడు పిడి అతనికి అందవలసిన ఎత్తుకన్నా పైన వేలాడుతున్నందువల్ల లాగిన ప్రతిసారీ భుజం చెవి దాకా లేస్తోంది. రోజుకు కొన్ని వేల సార్లు అలా లేచే భుజానికి నా యంత్రం పావుగంటలో చేయగలిగింది ఏమీ లేదు. తాడును జానెడు కిందికి దించాం, కూర్చునే చోట గోనెసంచి మడిచి ఎత్తు పెంచాం, భుజపు రెక్క వెనక ఉండే కండరాలకు బలం వచ్చే వ్యాయామాలు ఇచ్చాను. నెల తిరిగేసరికి నొప్పి లేదని చెప్పడానికి వచ్చాడు. "పని ఏమి చేస్తారు, ఎలా చేస్తారు, ఒకసారి చేసి చూపించండి" అని మొదటి రోజే అడగకపోవడం నా తప్పు.

యంత్రాలు పనికిరావని నేను అనడం లేదు. నొప్పి కాస్త తగ్గితే రోగి కదలడానికి ధైర్యం చేస్తాడు, ఆ మేరకు అవి పనికొస్తాయి. అయితే చికిత్స కదలికలో ఉంది, ఆ కదలికను కొలిచి, ఎంచి, నేర్పే విద్యే ఈ కోర్సులో మీరు చదివేది.

[తెరపై: మోకాలి పక్కన గోనియోమీటరు పెట్టిన చేయి.]

కొలవడం ఎలాగో ఒక మోకాలితో చూద్దాం. బైకు ప్రమాదంలో మోకాలి చిప్ప పగిలి, ఆపరేషన్ జరిగి, ఆరు వారాల తరువాత ఒక వేరుశనగ రైతు వచ్చాడనుకోండి. గోనియోమీటరు అంటే కీలు ఎన్ని డిగ్రీలు మడుస్తుందో కొలిచే రెండు పుల్లల పరికరం. దాని మధ్య బిందువును మోకాలి బయటి పక్కన ఆనించి, ఒక పుల్లను తుంటి పక్కన తగిలే ఎముక వైపు, రెండోదాన్ని చీలమండ బయటి గుబ్బ వైపు నిలిపి, కాలు మడవమంటాం. 65 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. చదును నేల మీద నడవడానికి ఇది దాదాపు సరిపోతుంది. మెట్లకూ కుర్చీకీ 90 డిగ్రీల చుట్టుపక్కల కావాలి. కాని ఈయన చేనులో గొంతుక్కూర్చుని కలుపు తీయాలి, నేల మీద కూర్చుని అన్నం తినాలి, ఇంట్లో ఉన్నది నేల మట్టపు మరుగుదొడ్డి. వీటికి 120 డిగ్రీలు దాటాలి. పట్నంలో కుర్చీ మీద పనిచేసే మనిషికి నయమైపోయినట్టు లెక్కకు వచ్చే మోకాలు ఈ రైతుకు సగమే నయమైనట్టు. ఆ మిగిలిన సగం ఎలా తీసుకురావాలో, ఎముక అతుకు ఎంత బరువు ఓపుతుందో సర్జన్‌తో మాట్లాడి, వారం వారం కొలత రాసుకుంటూ సాగాలి. కండరాల బలానికీ ఇలాగే 0 నుంచి 5 వరకు కొలత ఉంది. భూమ్యాకర్షణకు ఎదురుగా అవయవాన్ని పూర్తిగా ఎత్తగలిగితే 3, దానిపై మనం చేత్తో ఒత్తిడి పెట్టినా నిలబడితే 4 లేదా 5.

పక్షవాతం వచ్చినవారి విషయంలో మన చేతులకన్నా ఇంట్లోవాళ్ల చేతులకు పని ఎక్కువ. చచ్చుబడిన చేతిని పట్టుకుని లాగి లేపితే భుజం కీలు జారి, తరువాత నెలల తరబడి నొప్పి మిగులుతుంది. పాదాలను మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి జరిపించి, ముక్కు కాలివేళ్లను దాటేదాకా ముందుకు వంగమని చెప్పి, నడుము దగ్గర ఆసరా ఇస్తే మనిషి తనంతట తానే లేచే అవకాశం ఎక్కువ. ఈ ఒక్క పద్ధతిని కోడలికో కొడుకుకో వచ్చేదాకా పదిసార్లు చేయించే ఓపిక మీకు ఉందా అన్నది ఆలోచించుకోండి. మార్కుల కన్నా నేను ముందు చూసేది దీన్నే.

ఏది మన పని కాదో తెలియడం కూడా ఈ చదువులో భాగమే. నడుము నొప్పితో వచ్చినవారికి మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా వ్యాయామం మాట ఎత్తకుండా ఆ రోజే పెద్దాసుపత్రికి పంపాలి. ఆపరేషన్ అయిన కాలి పిక్క ఒక్కటే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, దాన్ని రుద్దకూడదు. మా రాయలసీమలో ఎముక విరిగితే నాటు కట్టుకు వెళ్లే అలవాటు ఇంకా ఉంది. కట్టు విప్పాక బిగిసిపోయిన మోచేతిని నూనె పోసి బలవంతంగా సాగదీయించుకుని మా దగ్గరకు వచ్చేవారుంటారు. దెబ్బతిన్న మోచేతిని అలా మొరటుగా లాగితే కండరంలోనే ఎముక పెరిగి కీలు శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు.

[తెరపై: పుస్తకాలు, అస్థిపంజరం నమూనా, తరగతి గది.]

ఇక చదువు సంగతి. భారతదేశంలో ఈ విద్య 1950ల తొలినాళ్లలో, పోలియో విజృంభించిన రోజుల్లో, ముంబైలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో వేళ్లూనుకుంది. 2014 మార్చిలో మన దేశం పోలియో రహితమని ధ్రువీకరణ వచ్చింది. ఇప్పుడు మా బెంచీ మీద కూర్చునేవారిలో ఎక్కువమంది పక్షవాతం, మధుమేహంతో భుజం పట్టేయడం, మోకాళ్ల అరుగుదల, బైకు ప్రమాదాల వారే.

బి.పి.టి.లో, అంటే ఫిజియోథెరపీ డిగ్రీలో చేరడానికి ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు చదివి ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశ నోటిఫికేషన్ విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం నుంచి వస్తుంది. మన సీమ విద్యార్థులకు దగ్గరలో తిరుపతి స్విమ్స్‌లో (శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో) ఫిజియోథెరపీ కళాశాల ఉంది, అక్కడ పీజీ కూడా చదవవచ్చు. కోర్సు ఇన్నాళ్లూ నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌గా నడిచింది. 2021 చట్టంతో ఏర్పడిన, ఫిజియోథెరపీ వంటి అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ తరఫున 2025లో వెలువడిన కొత్త పాఠ్య ప్రణాళికలో ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఇది ఐదేళ్లు. నిబంధనలు ఇలా మారుతున్న కాలం కనుక, ఏజెంట్ల మాట వినకుండా మీరు చేరే సంవత్సరపు నోటిఫికేషన్‌ను స్వయంగా చదవండి.

మొదటి ఏడాది శరీర నిర్మాణ శాస్త్రం చాలామందిని భయపెడుతుంది. దాన్ని బట్టీ పట్టకుండా, రాత్రి పడుకునే ముందు మీ ముంజేతి మీదే ఒక్కో కండరాన్నీ తాకి చూసుకుంటూ చదవండి. తరువాతి సంవత్సరాల్లో వ్యాయామ చికిత్స, విద్యుత్ చికిత్స, కీళ్ల కదలిక శాస్త్రం, ఎముకలు, నరాలు, గుండె, ఊపిరితిత్తుల వ్యాధులు వస్తాయి. కళాశాల ఎంచుకునేటప్పుడు భవనం చూడకండి. రోగులు నిండుగా ఉండే ఆసుపత్రి దానికి అనుబంధంగా ఉందా, మూడో ఏడాది విద్యార్థి రోజుకు ఎంతమంది రోగులను స్వయంగా చూస్తాడు అని సీనియర్లను అడగండి.

[తెరపై: ప్రభుత్వ ఆసుపత్రి ఆవరణ. పిల్లవాడిని నడిపిస్తున్న తల్లి.]

డబ్బు గురించి దాచకుండా చెప్పాలి. ప్రైవేటు ఆసుపత్రిలో నా మొదటి జీతం నెలకు ఏడు వేలు. మా నాన్న ఆ మాట బంధువులకు చెప్పుకోలేక మొదటి ఏడాదంతా మాట దాటేశారు. ఇప్పటికీ ఆరంభ జీతాలు చదివిన ఏళ్లకు తగ్గట్టు ఉండవు. రెండు మూడేళ్లు మంచి సీనియర్ కింద పనిచేసి, వీలైతే రెండేళ్ల ఎం.పి.టి. (ఫిజియోథెరపీ పీజీ) చేసి, నరాల విభాగమో క్రీడల విభాగమో ఒకదానిలో చేయి తిరిగాక పరిస్థితి మెరుగవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పోస్టులు తక్కువ. పిల్లల లోపాలను తొలిదశలో గుర్తించే జిల్లా కేంద్రాల్లోనూ, ప్రత్యేక అవసరాల పిల్లలకు మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లోనూ ఫిజియోథెరపిస్టుల అవసరం ఉంటుంది. అమెరికా వెళ్లాలంటే అర్హతల మూల్యాంకనం, ఆపైన లైసెన్సు పరీక్ష తప్పవు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. నడుము చూపించడానికి మగవారి దగ్గర మొహమాటపడి, నొప్పిని ఏళ్ల తరబడి కొంగు కింద దాచుకునే పెద్దమ్మలు మా ఊళ్లలో ఎందరో ఉన్నారు. మా క్లినిక్‌లో ఒక అమ్మాయి ఫిజియోథెరపిస్టుగా చేరిన ఆరు నెలలకు ఆడవారి వరుస మగవారి వరుసను మించిపోయింది.

[తెరపై: ఫిజియోథెరపీ విభాగం తలుపు. లోపల సమాంతర కడ్డీల మధ్య నడుస్తున్న వృద్ధుడు.]

దరఖాస్తు పెట్టే ముందు ఒక పని చేయండి. అనంతపురంలో కానీ, కర్నూలులో కానీ, కడపలో కానీ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని ఫిజియోథెరపీ విభాగాధికారి అనుమతి అడిగి, ఒక ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఆ గదిలో ఒక మూల నిలబడండి. ఫోను జేబులో ఉంచి, ఒక్క రోగినే ఎంచుకుని, అతను తలుపులోంచి వచ్చిన నడక, వెళ్లిపోయేటప్పటి నడక రెండూ కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం తీసుకుని నా దగ్గరకు వస్తే, కోర్సు గురించి మిగతా మాటలు అప్పుడు మాట్లాడుకుందాం.