క్రో-మ్యాగ్స్ తొలి ఆల్బమ్: బరువు డ్రమ్స్‌దా, గిటార్‌దా?

(బెంగళూరులోని ఒక స్టూడియోలో రికార్డు చేసిన తెలుగు చర్చా కార్యక్రమం. పాల్గొన్నవారు: ఒక డ్రమ్మర్, ఒక మెటల్ గిటారిస్టు, ఒక రికార్డింగ్ ఇంజనీరు.)

సంచాలకురాలు: నమస్కారం. హార్డ్‌కోర్ పంక్, అంటే వేగంగా, కేకలతో, చిన్న చిన్న పాటలుగా సాగే రాక్, వాయించే న్యూయార్క్ బ్యాండ్ క్రో-మ్యాగ్స్ 1986లో విడుదల చేసిన మొదటి ఆల్బమ్ ‘ది ఏజ్ ఆఫ్ క్వారెల్’ ఈ వారం మన చర్చాంశం. కలియుగానికి ఇంగ్లిషులో వాడే పేరు అది. అట్ట మీద అణు విస్ఫోటన మేఘం, లోపల 15 పాటలు. శ్రోతలు పంపిన అభిప్రాయాల్లో ఎక్కువ భాగం ఒకే తగవు: ఇది బరువైనదా, 1989లో వచ్చిన వాళ్ళ రెండో ఆల్బమ్ ‘బెస్ట్ విషెస్’ బరువైనదా? మారతహళ్ళి శ్రోత ఒకరు ఇలా రాశారు: “మెటల్ వింటూ పెరిగినవాణ్ణి. మొదటి ఆల్బమ్ నాకు పరుగు పందెంలా అనిపించింది. రెండోదే నిలబడి కొట్టింది.”

గిటారిస్టు: ఆయన పక్షమే నాది. 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించి వెళ్ళిన ఊరండీ ఇది. ఇక్కడ గిటార్ పట్టినవాడి చెవికి ఆ తూకమే అలవాటు. ‘బెస్ట్ విషెస్’లో పాటలు తక్కువ, నిడివి ఎక్కువ. రిఫ్ మీద రిఫ్, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ వరుస, పేర్చి, మధ్యలో సోలోకు చోటిచ్చి, ఒక భావాన్ని చివరిదాకా తీసుకెళ్తారు. మొదటి ఆల్బమ్‌లో మంచి రిఫ్ దొరికిందని సంబరపడేలోపు పాట అయిపోతుంది.

డ్రమ్మర్: అయిపోవడం లోపమెలా అవుతుంది?

గిటారిస్టు: లోపమని అనలేదన్నా. ఆకలి తీరదు అంటున్నాను.

డ్రమ్మర్: సరే, ‘వీ గాటా నో’ మొదలు ఒకసారి గుర్తు చేసుకోండి. ఆల్బమ్‌లో మొదటి పాట. గొంతు వెంటనే రాదు. ముందు వాద్యాలే, అదీ నిమిషం పైగా. నడక కడతారు, ఒక మెట్టు ఎక్కిస్తారు, ఆగినట్టే ఆగి ఇంకో మెట్టు ఎక్కిస్తారు, అప్పుడు గాని వేగం అందుకోరు. ఆ రోజుల్లో చాలా హార్డ్‌కోర్ పాటలు ఈపాటికి ముగింపుకు వచ్చేస్తాయి. అంత ఓపిక చూపించడానికి ధైర్యం కావాలి. వాయించినది మ్యాకీ జేసన్. తర్వాత బ్యాడ్ బ్రెయిన్స్ అనే ఇంకో హార్డ్‌కోర్ బ్యాండ్‌లోనూ వాయించాడు. అతని చేతిలో ఊపు ఉంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య చోటు వదులుతాడు. ద్రుతంలో పరుగెత్తిన చెవికి హఠాత్తుగా విలంబం తగిలినప్పుడు తెలిసేదే బరువు. వీళ్ళు బ్రేక్‌డౌన్ అనేది ఆ చోటునే. ‘హార్డ్ టైమ్స్’లో వేగం విరిగి దరువు కిందికి దిగినప్పుడు మన శరీరం ముందుకు వంగుతుంది చూడండి, మనం అనుకుని వంగం. రెండో ఆల్బమ్‌లో మ్యాకీ లేడు. గిటార్ ఎంత మందంగా ఉన్నా ఆ వంపు నాకు అక్కడ దొరకలేదు.

సంచాలకురాలు: గొంతు కూడా మారింది కదా?

డ్రమ్మర్: మారింది. మొదటిదాంట్లో జాన్ జోసెఫ్ పాడాడు. రెండోదాంట్లో బేస్ వాయించే హార్లీ ఫ్లానగనే పాడాడు. పారిస్ మేహ్యూ, డగ్ హాలండ్ గిటార్లు మాత్రం రెండింటిలోనూ ఉన్నాయి. గిటారిస్టులు వాళ్ళే అయినప్పుడు తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో మా తమ్ముడే చెప్పాలి.

గిటారిస్టు: (నవ్వుతూ) ఉచ్చు బాగానే బిగించారు. తేడా పాట కట్టడంలో ఉంది. మనుషులు వాళ్ళే అయినా మూడేళ్ళలో వాళ్ళ చేయి తిరిగింది. ‘ఏజ్ ఆఫ్ క్వారెల్’ అనే పేరుతో పాట ఉన్నది రెండో ఆల్బమ్‌లో, తెలుసా? పేరు మొదటిదానికి పెట్టి, పాట రెండోదాంట్లో ఇచ్చారు. చెప్పాలనుకున్నది అక్కడ పూర్తయిందనే నా వాదన.

సంచాలకురాలు: చెన్నై నుంచి ఒకావిడ గొంతు సందేశం పంపారు: “రెండింటి గొడవా వదిలేయండి. అసలు బరువు డెమో టేపులో ఉంది. స్టూడియోకు వెళ్ళాక పలచబడింది.” ఇంజనీరు గారూ?

ఇంజనీరు: ఈ మాట చాలామంది పాత అభిమానులు అంటారు. ఆల్బమ్‌కు ముందు చేసిన ఆ రికార్డింగులు 2000లో ‘బిఫోర్ ద క్వారెల్’ పేరుతో డిస్కుగా వచ్చాయి. రెండూ పక్కపక్కన పెట్టి వింటే ఆవిడ బాధ అర్థమవుతుంది. ఆల్బమ్‌లో డ్రమ్స్ కాస్త వెనక్కి నెట్టినట్టు, పొడిగా ఉంటాయి. నా చేతికి ఇస్తే కాలితో కొట్టే కిక్ డ్రమ్ ముందుకు లాగుతాను. కానీ ఆ పొడితనం వల్ల ఒక లాభం ఉంది. బేస్, గిటార్ ఒకే రిఫ్‌ను కలిసి తొక్కుతున్నప్పుడు రెండూ విడివిడిగా వినిపిస్తాయి. డెమోలో అంతా ఒక ముద్దగా వచ్చి మీద పడుతుంది, కింద ఎవరేం చేస్తున్నారో తెలియదు. ముద్దను బరువు అనుకోవడం తేలిక. నేను ఆల్బమ్ వైపే ఉంటాను, డ్రమ్స్ మీద ఫిర్యాదు ఉంచుకునే.

ఇంకో సంగతి. దీన్ని రాక్ హోటల్ అనే లేబుల్‌తో కలిసి విడుదల చేసిన ప్రొఫైల్ రికార్డ్స్, ర్యాప్ బృందం రన్-డిఎంసి పాటలు విడుదల చేసిన లేబుల్. ఒకే ఏడాది, ఒకే ఊరు, ఒకే గడప నుంచి ర్యాప్, హార్డ్‌కోర్ రెండూ బయటికి వచ్చాయి. ఆ ఊపు గురించి అన్న చెప్పిందానికీ, దీనికీ చుట్టరికం లేదని నేననను.

సంచాలకురాలు: రాజాజీనగర్ నుంచి ఒక పెద్దాయన కోపంగానే రాశారు: “మా ఇంటి దగ్గరి ఇస్కాన్ ఆలయానికి రోజూ వెళ్తాను. మనవడు ఈ పాటలు పెట్టి ‘వీళ్ళూ కృష్ణ భక్తులే తాతయ్యా’ అన్నాడు. భక్తులకు ఈ కేకలు, ఈ కొట్లాటలు ఏమిటి?”

డ్రమ్మర్: పెద్దాయన ప్రశ్న న్యాయమైనదే. జవాబు ఆ వీధుల్లో ఉంది. శ్రీల ప్రభుపాదులు 1966లో ఇస్కాన్‌ను స్థాపించినది న్యూయార్క్‌లోని 26, సెకండ్ అవెన్యూలో, ఒక చిన్న దుకాణం గదిలో. ఆ ఏడాదే దగ్గరలోని టాంప్‌కిన్స్ స్క్వేర్ పార్కులో చెట్టు కింద కీర్తన చేశారు. ఆ పేట లోయర్ ఈస్ట్ సైడ్. ఈ బ్యాండ్ పుట్టి పెరిగిన పేట కూడా అదే. 1980ల నాటికి అక్కడ పాడుబడ్డ భవనాలు, హెరాయిన్, కత్తులు. హార్లీ చిన్న పిల్లవాడిగా ఉన్నప్పుడే ఇంకో బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించాడు. ఈ ఆల్బమ్ నాటికి ఇరవై ఏళ్ళు నిండలేదు. అలాంటి కుర్రవాళ్ళకు బయట వీధి, లోపల జపమాల. పాటల్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి. ‘స్ట్రీట్ జస్టిస్’ ఉంది, ‘సీకర్స్ ఆఫ్ ద ట్రూత్’ కూడా ఉంది. నిజం చెప్పాలంటే మొదటి రకం పాటల్లో కొన్ని నాకూ మింగుడు పడవు. దెబ్బకు దెబ్బ అనే మాటను అంత ఆనందంగా పాడటం నాకు నచ్చదు.

గిటారిస్టు: ‘బెస్ట్ విషెస్’ అట్ట చూపించండి పెద్దాయనకు. హిరణ్యకశిపుణ్ణి చీలుస్తున్న నరసింహస్వామి! అమెరికాలో ఆ బొమ్మ చూసి ఎంతమంది తెల్లబోయారో కాని, అహోబిలం వెళ్ళొచ్చిన తెలుగువాడికి అందులో వింత లేదు. సింహాచలంలో స్వామికి ఏడాదిలో ఒక్క రోజు తప్ప చందనం పూసి ఉంచుతాం. ఉగ్రం, భక్తి ఒకే గర్భగుడిలో ఉంటాయని మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇంజనీరు: మనకు గుళ్ళో తెలుసు. పాటలో వినడానికి మాత్రం ఒప్పుకోం.

సంచాలకురాలు: చివరిగా, కోరమంగల నుంచి ఒక కాలేజీ అమ్మాయి: “హార్డ్‌కోర్ ఎప్పుడూ వినలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?”

డ్రమ్మర్: ‘మాల్‌ఫంక్షన్’. నెమ్మదిగా నడుస్తుంది, చెవికి దారి దొరుకుతుంది. తర్వాత ‘సీకర్స్ ఆఫ్ ద ట్రూత్’, అదీ నెమ్మదే. వేగం సంగతి ఆ తర్వాత.

గిటారిస్టు: ఈ రెండూ మెటల్‌కు దగ్గరగా ఉన్న పాటలని అన్న ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటాను.

డ్రమ్మర్: ఒప్పుకోను.

ఇంజనీరు: ఏది విన్నా ఫోను స్పీకరులో వద్దమ్మా. బేస్ పూర్తిగా పోతుంది. మామూలు ఇయర్‌ఫోన్లయినా చాలు.