అబద్ధపు సందేశం, ట్రాన్స్‌ఫార్మర్ కాగితం

సభకు నమస్కారం.

2015 డిసెంబరు 23. ఉక్రెయిన్‌లోని ఒక విద్యుత్ పంపిణీ సంస్థ కంట్రోల్ రూములో ఎవరూ మౌస్ కదపలేదు. అయినా తెరమీది బాణం గుర్తు దానంతట అదే కదిలి వెళ్లి బ్రేకర్లను, అంటే కరెంటు దారిని తెంచే పెద్ద స్విచ్‌లను, ఒక్కొక్కటిగా తెరిచేసింది. ఆ రోజు మూడు సంస్థల పరిధిలో సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. సిబ్బంది సబ్‌స్టేషన్లకు పరుగెత్తి బ్రేకర్లను చేత్తో మూస్తే, కొన్ని గంటల్లో సరఫరా తిరిగి వచ్చింది.

అప్పుడు తెరుచుకున్నవి బ్రేకర్లు మాత్రమే. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే లెక్క గంటల్లో ఉండదు. పెట్టబోయే చోటికి తగ్గట్టు దాన్ని రూపొందించి, తయారుచేసి, పరీక్షించి తెచ్చేసరికి తరచూ ఏడాది దాటిపోతుంది. ఇలాంటి సైబర్ దాడుల నుంచి ట్రాన్స్‌ఫార్మర్లను కాపాడే పరిశోధనలోకి నన్ను లాగింది ఈ తేడాయే.

ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగి తీగకు కాగితం చుట్టి నూనెలో ముంచి ఉంచుతాం. ట్రాన్స్‌ఫార్మర్ ఆయుష్షు ఆ కాగితం ఆయుష్షే. నూనెను శుద్ధి చేయవచ్చు, మార్చవచ్చు. కాగితం మార్చాలంటే ఆ తీగ చుట్టనే, అంటే వైండింగ్‌నే, విప్పాలి. మామూలు కాగితానికి వైండింగ్‌లో అత్యంత వేడెక్కే చోట 98 డిగ్రీల సెల్సియస్‌ను ప్రమాణంగా తీసుకుంటారు. ఆపైన ప్రతి 6 డిగ్రీలకూ అది పాడయ్యే వేగం రెట్టింపవుతుంది. 18 డిగ్రీలు పెరిగితే ఎనిమిది రెట్లు! ఇప్పుడు సబ్‌స్టేషన్ నెట్‌వర్క్‌లో ఒక దొంగ సందేశం ఉష్ణోగ్రతను తక్కువ చేసి చూపుతోందనుకోండి. చల్లబరిచే ఫ్యాన్లు తిరగవు, అలారం మోగదు, పొగ రాదు. లోపల కాగితం మాత్రం పెళుసెక్కుతూ ఉంటుంది. కరెంటు తీసేసే దాడి కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే.

సందేశాలకు భద్రత కల్పిస్తే చాలదా అని అడుగుతారు. లోపాన్ని పసిగట్టే రక్షణ రిలే, బ్రేకర్‌ను తెరవమని పంపే ట్రిప్ సందేశం 3 మిల్లీసెకన్లలో చేరాలి. అలాంటి సందేశాలకు డిజిటల్ సంతకం చేయాలని 2007లో ప్రమాణం పెట్టారు. సబ్‌స్టేషన్ పరికరాల్లోని చిన్న ప్రాసెసర్లకు ఆ సంతకం లెక్క కట్టడానికే గడువు చాలలేదు. 2020 కూర్పులో, ముందే పంచుకున్న రహస్య సంకేతంతో వేసే తేలికపాటి ముద్రకు మారారు. మంచి మార్పే. కానీ సందేశం పంపే పరికరమే శత్రువు చేతికి చిక్కితే, దాని అబద్ధానికి కూడా అసలు ముద్రే పడుతుంది.

అందుకే మాక్స్ బుకోల్జ్ 1921లో పేటెంటు తీసుకున్న రిలే అంటే నాకు గౌరవం. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకుకూ, దానిపైన ఉండే నూనె డబ్బా కన్సర్వేటర్‌కూ మధ్య గొట్టంలో అమర్చే చిన్న పెట్టె అది. లోపల ఇన్సులేషన్ కాలి వాయువు పుడితే బుడగలు అందులో చేరతాయి, నూనె మట్టం దిగుతుంది, ఫ్లోట్ వాలి అలారం మోగిస్తుంది. నూనె ఒక్కసారిగా తోసుకొస్తే నేరుగా ట్రిప్ చేస్తుంది. ఆ ఫ్లోట్‌ను ఏ సందేశమూ మభ్యపెట్టలేదు.

అయితే కాగితం మెల్లగా ముసలిదవుతుంటే బుకోల్జ్ పట్టుకోలేదు; అప్పుడు పుట్టే కొద్దిపాటి వాయువు నూనెలోనే కరిగిపోతుంది. కాబట్టి ఫ్యాన్లకు నెట్‌వర్క్‌తో సంబంధం లేని సొంత థర్మామీటరు, దాని నుంచి నేరుగా వెళ్లే తీగ ఉండాలి. లోడు పెరిగినా నూనె వేడెక్కినట్టు కనబడకపోతే అనుమానించే లెక్క కూడా ఒకటి పక్కన నడవాలి. మీలో రేపు ట్రాన్స్‌ఫార్మర్ డ్రాయింగుల మీద సంతకం పెట్టేవాళ్లున్నారు. ఖర్చు తగ్గుతుందని ఆ తీగను తీసేయమంటే ఒప్పుకోకండి.