గులాబీకి మళ్లీ వాసన తెప్పించడం

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే మొక్కల పని వదిలిపెట్టి ఇంతమంది వచ్చారు, సంతోషం.

మిద్దెతోట పెంచేవాళ్లు ఏ నలుగురు కలిసినా గులాబీ మీద ఒకటే ఫిర్యాదు. "పువ్వు అరచేయంత పూసిందండీ, వాసనే లేదు." దాని వెనకాలే ఇంకో మాట వస్తుంది. "మా అమ్మమ్మగారింట్లో నాటు గులాబీ ఒక్కటి పూస్తే వీధంతా ఘుమఘుమలాడేది." ఈ రెండో మాటలో కాస్త మురిపెం కలిసింది. నాటు గులాబీ ఎంత మంచిదైనా సంపెంగలా వీధి దాటి రాదు. మొదటి మాట మాత్రం సగం నిజం.

సగమే అని ఎందుకంటున్నానంటే, కొత్త రకాలన్నీ వాసన లేనివి కావు. 1935లో వచ్చిన క్రిమ్సన్ గ్లోరీ, 1963 నాటి పాపా మెయిలాండ్, ఆ మరుసటి ఏడాది మిస్టర్ లింకన్, 1977లో డబుల్ డిలైట్, ఇవన్నీ హైబ్రిడ్ టీలే, అంటే కాడకు ఒక్క పెద్ద పువ్వు పూసే ఆధునిక సంకర గులాబీలే. నాలుగింటికీ మంచి వాసన ఉంది. కాబట్టి కొత్తదనం తప్పు కాదు. పూలను డబ్బాల్లో పెట్టి ఎగుమతి చేసేవాళ్లకు కావలసింది వేరు. కాడ బారుగా ఉండాలి, మొగ్గ తొందరపడి విచ్చుకోకూడదు, కోల్డ్ స్టోరేజీలోనూ లారీలోనూ నిలవాలి. కాడ వంగితే కొత్త రకాలు తయారుచేసేవాళ్లు ఆ మొలకను పీకేస్తారు. వాసన లేదని పీకేసినవాళ్లు తక్కువ. తరాల తరబడి ఇదే ఎంపిక జరిగితే వాసన ఎక్కడ మిగులుతుంది? దాన్ని ఎవరూ కావాలని తీసేయలేదు. అడిగేవాళ్లు లేక జారిపోయింది.

పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు. అందుకు పాత మొక్కను ఎక్కడున్నా వెతికి కొనుక్కోవడం ఒక్కటే దారి కాదు. పాతదాన్ని మన ఎండకు తట్టుకునేదానితో కలిపి కొత్త మొక్కను పుట్టించుకోవచ్చు. ఈ పని చేసినవాళ్ల సంగతి ముందు చెప్పి, ఆ తర్వాత మన మేడ మీద ఎలా చేయాలో చూపిస్తాను.

యూరప్ పాత తోటల్లో ఉండేవి గాలికా, డమాస్క్, ఆల్బా, సెంటిఫోలియా జాతులు. రేకులు కిక్కిరిసి, పువ్వు విచ్చుకున్నాక నాలుగు భాగాలుగా చీల్చినట్టు కనిపిస్తుంది. వాసన బ్రహ్మాండం. చిక్కల్లా ఒకటే, ఏడాదికి ఒక్కసారే పూస్తాయి. వాళ్ల జూన్ నెలలో మూడు నాలుగు వారాలు విరగబూసి, మిగతా ఏడాదంతా ఉత్త పచ్చపొదగా నిలబడతాయి. డమాస్క్‌లలో ఒక్క రకం మాత్రం చలికాలం ముందు ఇంకోసారి కాసిన్ని పూలిస్తుంది, దాన్నే ఆటమ్ డమాస్క్ అంటారు.

18వ శతాబ్దం చివర చైనా గులాబీలు ఇంగ్లండ్ చేరాయి. వాటిలో ముఖ్యమైనది ఓల్డ్ బ్లష్, లేత గులాబీరంగు పువ్వు. పువ్వు పెద్ద గొప్పదేం కాదు. కానీ ఆగకుండా పూస్తుంది. ఎందుకో తెలియడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. గులాబీలో కేఎస్ఎన్ అనే జన్యువు ఉంది, "ఇక పూసింది చాలు" అని కొమ్మకు ఆజ్ఞ ఇచ్చేది అదే. చైనా గులాబీల్లో ఆ జన్యువు మధ్యలో వేరే డీఎన్ఏ ముక్క ఒకటి దూరి దాన్ని పాడుచేసింది. ఆపమనేవాళ్లు లేరు కాబట్టి మొక్క పూస్తూనే ఉంటుంది. అదీ సంగతి.

దీనిలో తిరకాసు ఒకటుంది. పాడైన ఆ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే పిల్లమొక్క ఏడాది పొడవునా పూస్తుంది. ఒక వైపు నుంచి మంచి జన్యువు వచ్చిందా, మళ్లీ ఏడాదికి ఒక్కసారే. అంటే పాత గులాబీని కొత్త గులాబీతో కలిపితే మొదటి తరంలో నిరాశ దాదాపు ఖాయం. చాలామంది అక్కడే మానేస్తారు. మానేయనివాళ్లలో ఒకాయన డేవిడ్ ఆస్టిన్.

ఆయన ఇంగ్లండ్‌లో ష్రాప్‌షైర్ రైతు బిడ్డ. 1926లో పుట్టారు, 2018లో పోయారు. గులాబీల సంకరం మొదట ఆయనకు సరదా పని. బెల్ ఈసిస్ అనే పాత గాలికాను, డెయింటీ మెయిడ్ అనే ఫ్లోరిబండాతో, అంటే గుత్తులుగా పూసే ఆధునిక రకంతో కలిపారు. 1961లో ఆ సంకరం నుంచి కాన్‌స్టన్స్ స్ప్రై వచ్చింది. గిన్నెలాంటి పెద్ద గులాబీరంగు పువ్వు, సోంపును గుర్తుచేసే వాసన. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. అయితే అది కూడా ఏడాదికి ఒక్కసారే పూసింది! ఇందాక చెప్పిన లెక్క ప్రకారం పూయాల్సింది అంతే. ఆస్టిన్ దాన్ని, దాని తోబుట్టువులను, వాటి పిల్లలను మళ్లీ మళ్లీ పూసే రకాలతో కలుపుతూ పోయారు. 1969లో మళ్లీ మళ్లీ పూసే మొదటి బ్యాచ్ బయటికొచ్చింది, వైఫ్ ఆఫ్ బాత్ అందులోదే. కానీ జనం ఎగబడి కొన్నది 1983లో లండన్‌లోని చెల్సీ పూల ప్రదర్శనలో పెట్టిన గ్రహమ్ థామస్‌ను. చిక్కటి పసుపు. పాత గులాబీల్లో ఆ రంగే లేదు. 1961 నుంచి 1983 దాకా, ఇరవై రెండేళ్లు. తర్వాత తర్వాత ఆ నర్సరీలో ఏటా లక్షకు పైగా మొలకలు పెంచి, ఏళ్ల తరబడి చూసి, చివరికి పేరు పెట్టి అమ్మేవి చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అంతటి వడపోత మనవల్ల కాదు, అక్కర్లేదు కూడా. ఆయన అమ్ముకోవాలి, మనకు మన మేడ మీద ఒక్క మంచి మొక్క వస్తే చాలు.

ఆ ఇంగ్లిష్ గులాబీలే కొనుక్కుంటే పోలా అంటారు. కొనుక్కోండి, నేను వద్దనను. చలికాలంలో చూడముచ్చటగా పూస్తాయి. కానీ వాటిని ఎంపిక చేసింది చల్లటి నేలలో. మన దగ్గర ఏప్రిల్ వచ్చేసరికి పువ్వు చిన్నదైపోయి, మధ్యాహ్నానికి రేకులు కమిలిపోతాయి. మనకు వేడి దేశపు రక్తం కావాలి.

ఈ మాటను జీవితమంతా పట్టుకుని పనిచేసినవారు ఎం.ఎస్. వీరరాఘవన్ గారు. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారి. పదవీ విరమణ వయసు రాకముందే ఉద్యోగం వదిలేసి, కొడైకెనాల్‌లో స్థిరపడి గులాబీల మీద కూర్చున్నారు. చలిదేశాల గులాబీలను తెచ్చి మన ఎండలో పెట్టి అవి నీరసించాయని బాధపడటం కన్నా, మన అడవి గులాబీలనే తల్లిదండ్రులుగా వాడదాం అన్నది ఆయన పట్టుదల. రెండు జాతులు ఎంచుకున్నారు. ఒకటి రోజా జైగాంటియా. మణిపూర్ కొండల్లో 1882లో వృక్షశాస్త్రవేత్త జార్జ్ వాట్ చూసిన పెద్ద తీగ గులాబీ, చెట్ల మీదికి ఎగబాకుతుంది, పువ్వు కూడా పెద్దదే. తేయాకు వాసనొచ్చే టీ గులాబీలకు పూర్వీకురాలు. రెండోది రోజా క్లైనోఫిల్లా. బెంగాల్ వైపు నీటి ఒడ్డున పెరిగే జాతి, వరదలో మునిగినా బతుకుతుంది. నీళ్లెక్కువై గులాబీ చచ్చిపోయిందని బాధపడేవాళ్లందరూ ఈ పేరు గుర్తుపెట్టుకోండి. జైగాంటియా నుంచి ఆయన తీసిన ఒక రకానికి వృక్షశాస్త్రవేత్త ఇ.కె. జానకి అమ్మాళ్ పేరు పెట్టారు. ఇంకోదానికి గోల్డెన్ త్రెషోల్డ్ అని పెట్టారు. హైదరాబాద్‌లో సరోజినీ నాయుడు గారి ఇంటి పేరది, నాంపల్లి వెళ్లేవాళ్లకు తెలిసే ఉంటుంది.

మీ ఇళ్లలోనే ఉండి మీరు పట్టించుకోని గులాబీ ఒకటుంది. ఎడ్వర్డ్. హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవి, అప్పట్లో దాని పేరు బూర్బన్. అక్కడ పొలాల గట్ల మీద కంచెగా ఆటమ్ డమాస్క్‌ను, ఓల్డ్ బ్లష్‌ను పక్కపక్కనే నాటేవారట. ఆ రెండూ వాటంతటవే కలిసి ఒక మొక్క మొలిచింది. 1817 ప్రాంతంలో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త బ్రెయాఁ దాన్ని గమనించి విత్తనాలు ఫ్రాన్స్ పంపారు. బూర్బన్ గులాబీల వంశం అలా మొదలైంది. దీవిలో ఆ మొక్కను రోజ్ ఎడ్వర్డ్ అనేవారు. మన దేశంలో చాలా నర్సరీల్లో అంటు కట్టడానికి కింద వాడే వేరుమొక్క ఇదే. పైన కట్టిన ఖరీదైన రకం చచ్చిపోయి కింది నుంచి కొమ్మలు లేస్తే "అడవి గులాబీ అయిపోయింది" అని పీకిపారేస్తారు. పీకే ముందు ఒకసారి పూయనివ్వండి. చిన్న చిన్న తెల్లపూలు గుత్తులుగా వస్తే అది మల్టీఫ్లోరా, అంటుకు వాడే ఇంకో వేరుమొక్క. గులాబీరంగులో ముద్దగా పూసి, తియ్యటి వాసనొస్తే అది ఎడ్వర్డ్ కావచ్చు, ఉంచుకోండి.

వాసన సంగతి కూడా రెండు ముక్కలు చెప్పుకోవాలి. అది ఒక్క పదార్థం కాదు. డమాస్క్ వైపు నుంచి వచ్చే వాసనలో జెరానియోల్, సిట్రొనెల్లోల్, ఫినైల్ ఇథనాల్ ముఖ్యం, పన్నీరులో మనం పీల్చేది ఇదే. చైనా, టీ గులాబీల వాసన వేరు, తాజా తేయాకు డబ్బా తెరిచినట్టుంటుంది. 2015లో ఫ్రాన్స్ పరిశోధకులు పాపా మెయిలాండ్‌ను, వాసన అంతగా లేని రూజ్ మెయిలాండ్‌ను పక్కపక్కన పెట్టి పోల్చి, జెరానియోల్ తయారీలో నడిమి పని చేసే ఎంజైమ్‌ను పట్టుకున్నారు. చిత్రమేమిటంటే మిగతా మొక్కలు ఈ పదార్థాన్ని తయారుచేసే దారి వేరు, గులాబీ దారి వేరు. మనకు దీని నుంచి తెలిసేది, వాసన ఒక్కో ముక్కా ఒక్కో జన్యువు చేతిలో ఉంది. అందుకే రెండు మంచి వాసన గులాబీలకు వాసన లేని పిల్ల పుట్టొచ్చు, అంతగా లేని జంటకు ఘాటైన పిల్లా పుట్టొచ్చు. ఒక్క కాయతో తేల్చుకోకండి.

ఇక పని. ముందు మీ మొక్కల్లో ఏది కాయ కాస్తుందో చూడాలి. వాడిన పూలను కత్తిరించకుండా కొన్నాళ్లు వదిలేస్తే అదే తెలుస్తుంది. కాయ నిలిచేదే తల్లి. తండ్రిగా వాసన ఉన్నదాన్ని తీసుకోండి. పాపా మెయిలాండ్ పుప్పొడి వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, దానికి బూడిద తెగులు ఎక్కువ, పిల్లలకూ అంటగడుతుంది.

అక్టోబరులో కొమ్మలు కత్తిరిస్తే డిసెంబరుకు పూత వస్తుంది, అప్పుడే సంకరం చేయాలి. తల్లిగా అనుకున్న మొక్కలో రేపు విచ్చుకుంటుందనిపించే మొగ్గను పట్టుకోండి. బయట రెండు రేకులు మాత్రం వదులయ్యాయి, అలాంటిది. రేకులన్నీ మెల్లగా మెలితిప్పి తీసేయండి, కింది పచ్చ రక్షకపత్రాలు ఉండనివ్వండి. మధ్యలో పుప్పొడి అందుకునే కీలాగ్రాల గుంపు చిన్న బొడిపెలా ఉంటుంది, చుట్టూ పుప్పొడి ఉండే పసుపు కేసరాలు. కేసరాల తలలు నున్నగా ఉబ్బి ఉంటే ఇంకా పగల్లేదన్నమాట. పట్టకారుతో లేదా గోటితో వాటిని ఒక్కటీ మిగలకుండా గిల్లి తీయాలి. ఒక్కటి మిగిలినా రాత్రికి పగిలి తన పుప్పొడే తను అంటించుకుంటుంది, మీరు ఆరు నెలలు పెంచేది ఎవరి బిడ్డో తెలియదు. అయ్యాక కాగితం సంచి తొడిగి కట్టేయండి. ప్లాస్టిక్ వద్దు, లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది.

తండ్రి పువ్వు కేసరాలను ఒక గాజు గిన్నెలో వేసి నీడలో ఒక రాత్రి ఆరబెడితే పొద్దున్నకు అడుగున పసుపు పొడి రాలి ఉంటుంది. తల్లి మొగ్గ సంచి విప్పి చూడండి, కీలాగ్రాలు కాస్త జిగటగా మెరుస్తుంటే సమయం వచ్చినట్టు. వేలికొసతో ఆ పొడి అద్దండి. మరునాడు ఇంకోసారి అద్దితే ఇంకా మంచిది. లేబుల్ మీద తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత, తేదీ. పెన్నుతో రాస్తే ఎండకు చెరిగిపోతుంది, పెన్సిలే మేలు.

కాయ నిలిస్తే మూడున్నర, నాలుగు నెలలకు నారింజరంగుకు తిరుగుతుంది. కోసి, గింజలు తీసి, గుజ్జు లేకుండా కడిగి ఆరబెట్టండి. వేసవిలో విత్తితే మన వేడికి లాభం లేదు. ఆగస్టు దాకా పొడిగా దాచి, ఆ తర్వాత తడి టిష్యూలో చుట్టి జిప్ కవర్లో వేసి ఫ్రిజ్‌లో రెండు నెలలు ఉంచాలి. నాలుగైదు డిగ్రీల చలి తగిలితేనే గింజకు మెలకువ వస్తుంది. కవరు మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి, లేకపోతే పండగ శుభ్రాల్లో చెత్తబుట్టలోకి పోతుంది. అక్టోబరు చివర రాత్రులు చల్లబడ్డాక కోకోపీట్ కలిపిన మట్టిలో విత్తండి. సగం మొలిస్తే పండగే.

ఏడాదంతా పూసే స్వభావం వచ్చిన మొలక రెండు నెలలకే, జానెడు కూడా లేనప్పుడే మొగ్గ తొడుగుతుంది. పూయకుండా బాగా పెరిగిపోతున్నది బహుశా ఏడాదికి ఒక్కసారి పూసే రకం, దానికి రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి. తొలి పువ్వు బొత్తాం అంత ఉంటుంది, రేకులు ఐదారే ఉండొచ్చు. దాన్ని చూసి పీకకండి, రెండో ఏటికి రేకులు పెరుగుతాయి. వాసన చూసేది ఎండ ఎక్కకముందు, సగం విచ్చిన పువ్వులో. నేనైతే తెగులు పట్టేవాటిని నిర్దాక్షిణ్యంగా తీసేస్తాను. వాసన ఉన్నా సరే, వారం వారం మందు కొట్టించుకునే మొక్క నాకొద్దు. నచ్చింది దొరికితే ఎడ్వర్డ్ మీద కన్ను అంటు కట్టి నలుగురికీ పంచండి. పేరు మీ ఇష్టం, అత్తగారి పేరు పెడితే ఇంట్లో నీళ్లు పోసేవాళ్లకు లోటుండదు.

ఒకరు ముందే చీటీ పంపారు, రిజిస్టర్ చేసిన రకాన్ని సంకరానికి వాడొచ్చా అని. వాడొచ్చు. మన 2001 నాటి మొక్కల రకాల రక్షణ చట్టమే కొత్త రకం తయారీకి వాడుకునే వీలిచ్చింది. ఆ రకాన్నే అంటుకట్టి అమ్ముకోవడం వేరు, దానికి అనుమతి కావాలి.

బల్ల మీద ఆరు కుండీలున్నాయి, పట్టకార్లు కూడా తెచ్చాను. కళ్లజోడు ఉన్నవాళ్లు పెట్టుకుని దగ్గరకు రండి, ముందు ఆ ఎర్ర మొగ్గకు కేసరాలు తీద్దాం.